తేనెబండ హద్దు రాయి

“అవ్వా, ఈ ఊరి సంగతి నీకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదని అందరూ అంటున్నారు. నేను సచివాలయం సర్వేయర్‌ని. ఊరు ఎట్టా పుట్టింది, పాత హద్దులు ఎక్కడెక్కడ ఉండేవి, కాస్త చెప్తావా? ఫోన్‌లో రికార్డు చేసుకుంటా.”

చేసుకో పాపా. ఆ ఫోను అరుగు అంచున పెట్టబాక, జారుద్ది. ఇట్టా మంచం మీద పెట్టు. నువ్వు కూర్చో. నేను కూర్చోనులే, కూర్చుంటే మోకాళ్లు పట్టేస్తయ్యి. తిరుగుతా ఉంటేనే నాకు మాటలొస్తయ్యి. మా అబ్బాయి కాశిం దర్శి పోయాడు, మిరప తోటకి మందు తేవడానికి. మధ్యాన్నానికి వస్తానన్నాడు. ఆడు పోతా పోతా ఏమన్నాడో తెలుసా? “అమ్మా, సర్వే అమ్మాయి వచ్చుద్ది, నాకేం గుర్తులేదని చెప్పు, ఇంకేం మాట్లాడబాక” అన్నాడు. గుర్తులేకపోవడమేంది? నిన్న పొద్దున ఏం తిన్నానంటే చెప్పలేను, అది నిజమే. కానీ నువ్వడిగేది నిన్నటి సంగతి కాదుగా.

సరే, ఊరు. తేనెబండ. నువ్వెక్కి వచ్చిన దారిలో ఎడమ చేతి పక్క పెద్ద బండ ఒకటి ముందుకి వంగి ఉంది, చూశావా? దానికి కొండతేనె పట్లు వేలాడతా ఉండేవి, ఒకేసారి పదీ పదిహేను. నేను కాపరానికొచ్చిన కొత్తలో గూడా చూశా. అందుకని తేనెబండ. ఇంకో కథ గూడా చెబుతారు, ఎవరో రాజు గుర్రమెక్కి వచ్చాడు, ఇక్కడ తేనె నాకాడు అని. అది ఉత్తదే. ఈ రాళ్లల్లో గుర్రం ఎక్కుద్దా? మేక ఎక్కడానికే ఆలోచించుద్ది.

ఇది పెద్ద కొండేం కాదు. కనిగిరి కొండ ముందు ఇది పసిపిల్ల. నడుం దగ్గర బల్లపరుపుగా ఒక మెట్టుంది గదా, ఆ మెట్టు మీద ఇళ్లు. నేను వచ్చేనాటికి ముప్పై మూడు... కాదు, ముప్పై నాలుగు. మా దూదేకులోళ్లవి తొమ్మిది. మిగతావి రైతులవి, గొర్రెలోళ్లవి. తూర్పుకి చూడు, కిందంతా నల్లరేగడి, పత్తీ మిరపా. పడమటికి పోతే ఎర్ర గరప. కంది, ఆముదం, సజ్జ, అంతకు మించి ఏం రాదు. ముందు కొండెక్కింది ఇద్దరు అన్నదమ్ములని మా మామ చెప్పేవాడు. కింద కలరా వచ్చి జనం పోతుంటే గొర్రెల్ని తోలుకొని పైకొచ్చారంట. దొన నీళ్లు తాగి బతికారంట. తర్వాతెప్పుడో మా వాళ్లు వచ్చారు. కింద పత్తి పండుద్ది, ఊరూరా పరుపులు కావాలి. మా మామ దూదేకే విల్లు భుజానేసుకొని పొద్దున దిగేవాడు, పొద్దుగూకేసరికి ఎక్కేవాడు. ఒక పరుపు ఏకి కుట్టిపెడితే రెండు రూపాయలు, పైన ఒక శేరు జొన్నలు. దర్శికి బస్సు టిక్కెట్టు అర్ధ రూపాయి. అది గూడా దండగని నడిచేవాడు.

దొన అంటే నీకు తెలుసుగా? బండ మధ్యలో దానంతట అదే ఏర్పడ్డ గుంట. లోపలెక్కడో ఊట ఉంది. ఎండాకాలంలో గూడా మోకాటి లోతు నీళ్లు ఉండేవి. ఈ ఊరు ఈడ ఉందంటే ఆ దొన వల్లే. ఇంకేం లేదు ఈ కొండ మీద.

ఇక నువ్వడిగిన హద్దు. కూర్చుని చెప్పలేను గానీ, లే పాపా. చెప్పులు తొడుక్కో, పల్లేరుకాయలున్నయ్యి. ఆ ఫోను చేత్తో పట్టుకో, దొన దాకా పోదాం. నడుస్తా చెబుతా. నువ్వు కొలతలకి తెచ్చిన ఆ పుట్టగొడుగు లాంటి కర్ర గూడా తెచ్చుకో, పనుండిద్ది.

మా పెద్దమ్మాయి చంకలో ఉన్న ఏడు అది. వరసగా రెండేళ్లు వానల్లేవు. కింద జువ్వలపాడు ఉంది చూడు, ఆ ఊళ్లో బావులన్నీ అడుగంటినయ్యి. ఉన్న రెండిట్లో నీళ్లు ఉప్పు. వాళ్లకి మిరప నారు పోసే టైమొచ్చింది. నారు బతకాలంటే నీళ్లు కావాల. అప్పుడు వాళ్ల పెద్దోళ్లు ఒక మాట తీశారు. తేనెబండ దొన మా హద్దులోదే, ఆయిలింజను పెట్టి కిందికి తోడుకుంటాం అని. మేం నవ్వాం ముందు. తీరా చూస్తే, పాపా, వాళ్లు చెప్పింది నిజం.

ఇటు రా, ఈ రాళ్ల పక్కగా. హద్దు రాయి ఒకటుండేది, నా తొడంత ఎత్తు. నెత్తిన ఇంటూ గుర్తు చెక్కి ఉండేది. రాయికి పైన మా ఊరు, రాయికి కింద జువ్వలపాడు. ఆ రాయి దొనకి పైపక్క, ఆరు బారల దూరాన ఉంది. అంటే దొన వాళ్లదే గదా లెక్కకి! ఎన్ని తరాల నుంచో మేం తాగుతున్నాం, ఎవరూ పట్టించుకోలా. మేం బిందెలు దించుకునేది ఆ రాయి పక్కనే. దాని మీద మా అత్త చీర ఆరేసేది. అది హద్దని మాకు తట్టనే లేదు.

సర్వే ఆయన గొలుసు తీసుకొని వస్తాడు, కొలుస్తాడు అని కబురొచ్చింది. ఇంజను పెడితే రెండు రోజుల్లో దొన ఎండిపోయుద్ది. మగాళ్లు గుంపులుగా కూర్చుని మాట్లాడతా ఉన్నారు. కొడదామని ఒకడు, కోర్టుకి పోదామని ఒకడు. నాకు తోడికోడలు ఉండేది, హుస్సేన్‌బీ. నేను అక్కా అనేదాన్ని. తక్కువ మాట్లాడేది, పని మాత్రం మగాడి పెట్టు. ఒక మధ్యాన్నం నీళ్లకి వచ్చాం ఇద్దరం. ఎండ మండిపోతంది. ఊళ్లో మగాళ్లంతా పొదిలి సంతకి దిగిపోయారు. అక్క బిందె దించి ఆ రాయి వంకే చూస్తా ఉంది.

“సైదా, ఈ రాయి ఎంత బరువుండిద్ది?” అంది.

“నాకేం తెలుసక్కా.”

“ఇద్దరం పడితే కదలదా?”

నేను అక్క మొహం చూశా. తమాషాకి అన్లేదు. “అది గవర్నమెంటు రాయి అక్కా, జైల్లో పెడతారు” అన్నా.

“పెడితే పెట్టనీ. జైల్లో నీళ్లన్నా ఇస్తారు” అంది. ఇంటికెళ్లి గునపం తెచ్చింది.

పిల్లని బండ నీడన పడుకోబెట్టా. అక్క తవ్వింది, నేను మట్టి తోడా. నడుం లోతు ఉంది రాయి, మొదలు బండ సందులో ఇరుక్కుంది. ఊపి ఊపి లాగాం. దొర్లించేటప్పుడు నా వేలు పడింది కింద. ఇదిగో, ఈ గోరు చూడు, అప్పుడు పోయింది మళ్లీ సరిగ్గా రాలా. అరిస్తే పిల్ల లేస్తదని చీర కొంగు నోట్లో కుక్కుకున్నా. దొన దాటించి, ఇంకా కిందికి, ఇరవై బారల దాకా తీసుకుపోయి పాతాం. మట్టి తొక్కాం, నీళ్లు పోశాం, పైన చిల్లకంప వేశాం. పైన గుంటలో రాళ్లు పోసి పూడ్చాం. అంతా అయ్యాక అక్క నడుం పట్టుకొని లేచి, అట్టానే నిలబడిపోయింది. ఏందా అని నేనూ తిరిగి చూశా.

తుమ్మచెట్టు పక్కన ఏసోబు నిలబడున్నాడు.

ఏసోబంటే తలారి. రెండు ఊళ్లకీ వాడే... ఆయనే. కరణం చెప్తే దండోరా వెయ్యడం, పన్నుకి జనాన్ని పిలవడం, హద్దు రాళ్లు చూసుకోవడం ఆయన పని. జువ్వలపాడు అవతల పల్లెలో ఉండేవాడు. సన్నగా, పొడుగ్గా, చేతిలో కర్ర. అందరూ ఒరేయ్ ఏసోబూ అనేవాళ్లు, చిన్న పిల్లలు గూడా. నెలకోసారి కొండెక్కి రాళ్లు లెక్కబెట్టుకొని పోయేవాడు. ఆ రోజే వచ్చాడు. ఎంతసేపటి నుంచి చూస్తన్నాడో తెలియదు. మేం ఆయన్ని చూశాం, ఆయన మమ్మల్ని చూశాడు. తిరిగి దిగిపోయాడు.

మేం మూడు రోజులు అన్నం తిన్లేదు. పిల్లకి పాలు గూడా సరిగ్గా రాలా. రేపు చెప్పేస్తాడు, ఎల్లుండి చెప్పేస్తాడు అనుకుంటా ఉన్నాం. చెప్పలా.

నిదానంగా రా, ఇక్కడ జారుద్ది. నేను తొందరగా నడుస్తన్నానా? అలవాటు. నన్ను మా ఆయన గూడా తిట్టేవాడు, నీ కాళ్లల్లో ఏదో పురుగుందని.

సర్వే ఆయన వచ్చాడు. మ్యాపు తెరిస్తే మా కొండ ఉన్న కాయితం చెదలు తినేసింది. గొలుసు పట్టుకొని అటూ ఇటూ లాగాడు. ఈ ఎత్తుపల్లాల్లో ఆయనకీ తెగలా. చివరికి రాయి ఎక్కడుంటే హద్దు అక్కడే అన్నాడు. దొన తేనెబండది అన్నాడు. మా మగాళ్లు ఈలలు వేశారు. వాళ్లకి ఏం తెలియదు, ఆ రాయి ఎప్పుడూ అక్కడే ఉందేమో అనుకున్నారు కొందరు. అనుమానం వచ్చినోళ్లు నోరు మూసుకున్నారు. జువ్వలపాడు వాళ్లు మాత్రం కంప లాగి చూసి, ఇది మొన్న పాతింది, మట్టి ఇంకా బిగుసుకోలేదని అరిచారు. వారానికి పెద్దాఫీసరు ఎంక్వయిరీకి వచ్చాడు. ఊరి మధ్య పందిరి వేశారు, కుర్చీ వేశారు. రెండు ఊళ్ల జనం. ఆడోళ్లం గోడల వెనకాల.

“హద్దు రాళ్లకి కాపలా ఎవడు?” అన్నాడు ఆఫీసరు.

“నేనేనయ్యా” అన్నాడు ఏసోబు. తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

“ఎవరు జరిపారు?”

“నాకు తెలవదయ్యా.”

“తెలవదా? అయితే రాయే లేచి నడుచుకుంటా పోయిందా?”

జనం గొల్లున నవ్వారు. నేను గూడా నవ్వాను పాపా. భయమో, ఏందో, నోట్లోంచి నవ్వు వచ్చేసింది. ఆయన తల తిప్పి గోడ వైపు చూశాడు. నన్ను చూశాడో లేదో తెలియదు. ఆ నవ్వు మాత్రం నన్ను వదల్లా. ఎక్కడ నలుగురు నవ్వుతున్నా లేచి పోవాలనిపిస్తది.

ఆయన పని తీసేశారు. ఊరికే తీసేస్తే అదో లెక్క. పై ఊరోళ్ల దగ్గర జొన్నలు తీసుకొని తలారే రాయి జరిపాడు అని కాయితం రాశారు. అందరి ముందూ చదివారు. పాత జాగా ఏదో తేల్చడానికి మ్యాపు లేదు గాబట్టి రాయి మాత్రం ఉన్నచోటే ఉంచేశారు. దొన మాకొచ్చింది, తప్పు ఆయనకి పోయింది.

దొన మాది అయ్యాక మావాళ్లు చుట్టూ కంప కట్టారు. జువ్వలపాడు ఆడోళ్లు ఒక రోజు బిందెలతో ఎక్కి వచ్చారు. ఇంజను కోసం కాదు, తాగడానికి. మావాళ్లు పోనివ్వలా. ఒకామె, చంకలో పిల్ల, నా పిల్లంతే ఉండిద్ది, కంప అవతల నిలబడి “తాగడానికి గూడానా అమ్మా?” అంది. నేను రెండు బిందెలు పోశా... కాదు. నీకు అబద్ధం ఎందుకు చెప్పాలి? పోయలా. పోద్దామనుకున్నా. మా ఆయన చూస్తన్నాడని ఊరుకున్నా. ఆ మరుసటేడు వానలు పడినయ్యి, బావులు నిండినయ్యి. అక్కడికి ఆ గొడవ అయిపోయిందనుకున్నారు అందరూ.

ఏసోబు పెళ్లాం పిల్లల్ని తీసుకొని ఊరొదిలి పోయాడు. ఎటు పోయాడో ఎవరూ అడగలా. మేం గూడా అడగలా.

ఏళ్లు గడిచినయ్యి. హుస్సేన్‌బీ అక్క పోయింది. పోయే ముందు నా చెయ్యి పట్టుకొని “సైదా, ఏసోబు కనబడితే చెప్పు” అంది. ఏం చెప్పాలో చెప్పలా. మా రెండో అమ్మాయిని చీరాల ఇచ్చాం. కానుపుకి పోయా. వాళ్ల వీధిలో చేపలమ్మే ఆమె మాటల మధ్య, మా వాడరేవులో మీ దర్శి వైపు ముసలాయన ఒకడున్నాడు, తలారి అంటారు అంది. బాలింతని వదిలేసి, అల్లుడికి ఏదో సాకు చెప్పి ఆటో ఎక్కా.

సముద్రం అదే మొదటిసారి చూడటం. అసలు చూశానా, ఏం చూశాను? మనిషి కోసం వెతుక్కుంటా నడిచా. ఇసకలో కాళ్లు దిగబడుతున్నయ్యి. చేపలు ఎండబోసిన చోట ఒక ముసలాయన కూర్చుని కాకుల్ని తోలుతున్నాడు. నడుం వంగిపోయింది. అయినా ఆ పొడుగు చూసి గుర్తుపట్టా.

“ఏసోబన్నా, నేను తేనెబండ సైదాబీని” అన్నా. అన్నా అని పిలవడం అదే మొదలు.

కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకొని చూశాడు. “దూదేకులోళ్ల చిన్న కోడలు” అన్నాడు. “దొనలో నీళ్లుంటన్నయ్యా?”

“ఉంటన్నయ్యి.”

“మంచిది” అని కాకుల వైపు తిరిగాడు.

నేను ఇసకలో కూలబడ్డా. తప్పయింది, నీ నోట్లో మట్టి కొట్టాం, మా కోసం నువ్వు నోరు మూసుకున్నావు అని ఏడ్చా. ఆయన ఏమన్నాడో చెప్పనా? ఈ మాట నేను ఎవరికీ చెప్పలా. “మీ కోసం కాదమ్మా. భయమేసి మూసుకున్నా. చెబితే పై ఊరోళ్లు నన్ను కొండ మీంచి దొర్లించేవాళ్లు. చెప్పకపోతే ఉద్యోగం పోద్ది. ఎటు తిరిగినా పోయేది నాదే. ప్రాణం ఉంటే పిల్లలు బతుకుతారని ఊరుకున్నా” అన్నాడు. ఆయన గొప్ప మనసుతో మమ్మల్ని కాపాడాడని అన్నేళ్లు అనుకున్నా నేను. అట్టా అనుకుంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది. అది గూడా తీసేశాడు. నిజం చెప్పి తీసేశాడు.

“కోపముందా అన్నా?” అన్నా.

“ఉంది” అన్నాడు. “ఉద్యోగం పోయినందుక్కాదు. జొన్నలు తిన్నాడని రాశారు. నేనెవరి గింజా తినలా. మా నాన్న గూడా తలారే, ఆయన చేసిన పని నాకొచ్చింది. నా కొడుక్కి ఏమని చెప్పను? వీలైతే ఆ కాయితంలో ఆ మాట కొట్టేయించు.”

కొట్టేయిస్తానని చెప్పా. చెయ్యి పట్టుకొని చెప్పా. లేచి వస్తుంటే వెనక నుంచి పిలిచాడు. రెండు ఊళ్ల హద్దు రాళ్లు మొత్తం ఎన్నో చెప్పాడు. నూట పద్నాలుగంట. ఏ మూల ఎన్నో, ఏది వంకరో అన్నీ చెప్పాడు. ఇంకా లెక్కబెట్టుకుంటా ఉన్నాడు పాపా, సముద్రం ఒడ్డున కూర్చుని.

అది జరిగి పదిహేనేళ్లు... పదహారేమో. ఆయన పోయాడని తర్వాత తెలిసింది. ఆ మాట కొట్టేయించడానికని నేను ఆఫీసుకి రెండుసార్లు పోయా. మొదటిసారి గుమాస్తా, ఏ ఫైలు, ఏ సంవత్సరం అన్నాడు. నాకేం తెలుసు? రెండోసారి గేటు దాకా పోయి తిరిగొచ్చేశా. మా ఆయన బతికున్నాడు అప్పుడు, పరువు పోద్దని భయం. అప్పట్నుంచి ఒకచోట కూర్చోలేను నేను.

ఇదిగో దొన. ఇప్పుడు పాచి పట్టింది, అందరికీ కుళాయిలు వచ్చినయ్యి, ఎవరూ తాగరు. అదిగో ఆ కిందది ఇప్పుడున్న రాయి. నువ్వు కొలుచుకున్నది అదేగా? అది కాదు. ఇటు పైకి రా. ఈ రాళ్లు తియ్యి. నేను వంగలేను, నువ్వే తియ్యి. ఇంకొంచెం. ఆ, చూడు, బండ సందులో నలుచదరంగా గుంట. ఇక్కడుండేది రాయి. నీ కర్ర ఇక్కడ పెట్టు.

పెట్టు పాపా, ఆలోచించబాక. మా కాశిం ఎందుకు మాట్లాడొద్దన్నాడో ఇప్పుడు చెబుతా. ఈ గుంటకీ ఆ రాయికీ మధ్య, దొన దాటాక, కింద చదునుగా ఉంది చూడు. అరవై సెంట్లు. మా మిరపకాయల కల్లం అదే. మా ఆయన రాళ్లు ఏరి చదును చేశాడు, ఇప్పుడు వాడు కాయలు ఎండబోసుకుంటున్నాడు. హద్దు పైకి జరిగితే అది జువ్వలపాడుది. వాడికి సగం సంగతే తెలుసు, రాయి అటూ ఇటూ అయిందని. ఎవరు జరిపారో తెలియదు. నేనే చెబుతా వాడికి. అరుస్తాడు. అరవనీ. తల్లి మీద ఎన్నాళ్లు అరుస్తాడు?

హద్దు మీ ఇష్టం, మీ లెక్క ఎట్టా వస్తే అట్టా గియ్యండి. నాకు కావాల్సింది అది కాదు. ఆ పాత కాయితంలో ఆ జొన్నల మాట కొట్టెయ్యాల. అవుద్దా?

“పాత రికార్డు కొట్టెయ్యడం నా చేతుల్లో లేదవ్వా. కానీ నువ్వు చెప్పింది వాంగ్మూలంగా రాసుకొని, ఈ ఊరి ఫైల్లో పెడతా. ఇక ఎవరు తీసి చూసినా రెండూ కనబడతాయి.”

రెండూ కనబడతాయా? ఆయన మీద రాసిన దాని పక్కనే నేను చెప్పింది. అయితే రాయి. హద్దు రాయి జరిపింది దూదేకుల సైదాబీ, ఆమె తోడికోడలు హుస్సేన్‌బీ అని రాయి. అక్క పేరు కిందికి రాయి, గునపం తెచ్చింది తనే అయినా ఇప్పుడు లేదుగా, నా పేరే ముందుండాల. నాకు సంతకం వచ్చు. రాత్రి బడిలో నేర్చుకున్నా, వంకరగా వచ్చుద్ది, పర్లేదా? ఇట్టా ఇవ్వు.

ఏదీ, ఆయన గురించి రాసింది ఒకసారి చదువు.

“తలారి ఏసోబు గారు ఎవరి వద్దా ఏమీ తీసుకోలేదు. హద్దు రాయి జరిపిన పనితో ఆయనకు ఏ సంబంధమూ లేదు.”

గారు అని రాశావా? ఆయన్ని గారు అని ఎవరూ అనలేదు తల్లీ, ఆ రెండు ఊళ్లల్లో ఎవరూ. అట్టానే ఉంచు. ఇంకోసారి చదువు. గట్టిగా చదువు.

చాలు... చాలు తల్లీ. నువ్వు చల్లగా ఉండాల. నీ చేత్తో రాసిన అక్షరం నిలబడాల. పెద్ద ఆఫీసరువి కావాల నువ్వు, అయినా ఎవరినీ అట్టా పందిరి కింద నిలబెట్టి జనం చేత నవ్వించబాక. పద, ఎండెక్కింది. కాదు, ఉండు... కాసేపు ఇక్కడే ఈ బండ మీద కూర్చుంటా. నువ్వు గూడా కూర్చో. గాలి బాగుంది గదా, ఇక్కడ...